పరికరంలోకి పోయిన పేజీలు: పర్లాకిమిడి నుంచి ఒక కెర్నల్ ప్రాజెక్టు డైరీ

స్నాన పూర్ణిమ, రాత్రి

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాల మెమరీని పేజీలుగా, అంటే 4 కేబీ ముక్కలుగా, ఎలా నడుపుతుందో చాలాకాలంగా చదువుతున్నాను. ఇక చదివింది చాలు, ఒక చిన్న డ్రైవర్ రాసి చూద్దామని కూర్చున్నాను. గ్రాఫిక్స్ కార్డు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఉన్నది 8 జీబీ ల్యాప్‌టాప్. అందులో క్యూఎమ్యు (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నటించే ప్రోగ్రాం), దాని లోపల 1 జీబీ ర్యామ్ ఇచ్చిన గెస్ట్ (ఆ నకిలీ కంప్యూటర్; బయటి అసలుది హోస్ట్), అందులో 6.12 కెర్నల్.

పరికరం వేషం ఐవీషెమ్‌కి ఇచ్చాను. క్యూఎమ్యులో ఉండే ఈ నకిలీ పీసీఐ పరికరం, హోస్ట్‌లోని ఒక ఫైలునే తన మెమరీగా గెస్ట్‌కి చూపిస్తుంది. గెస్ట్ వైపు నుంచి అది పీసీఐ బార్ (పరికరం తన మెమరీని చూపించే చిరునామాల కిటికీ), హోస్ట్ వైపు నుంచి మామూలు ఫైలు. పేజీ నిజంగా పరికరంలోకి వెళ్ళిందో లేదో డ్రైవర్ మాట నమ్మక్కర్లేదు, బయట నుంచి ఫైలు తెరిచి చూసుకోవచ్చు. కెర్నల్ సోర్స్‌లోనే టెస్ట్ హెచ్ఎంఎం అని ఒక పరీక్ష డ్రైవర్ ఉంది, చాలా మంచిది. కానీ దాంట్లో పరికరం మెమరీ అంటే లోపల దాచుకున్న మామూలు ర్యామ్ పేజీలే. నాకు బయట నుంచి కనపడాలి.

ఐవీషెమ్ సైజు రెండుకి ఘాతంగానే (64, 128, 256 లాగా) ఉండాలి. 128 ఎంబీ పెట్టాను.

ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, కోడ్‌లో వాటి మధ్య అండర్‌స్కోర్లు ఉంటాయని గుర్తుంచుకోండి. గిడుగు రామమూర్తి గారు పిల్లలకి పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని గ్రాంథికంలో రాస్తే మర్యాదగా ఉండదు కాబట్టి భాష కూడా వాడుకదే.

మర్నాడు

కెర్నల్ కాన్ఫిగ్‌లో జోన్ డివైస్, డివైస్ ప్రైవేట్ (పరికరాల మెమరీని పేజీలుగా నడిపే కెర్నల్ భాగాలు) రెండూ ఆన్ చెయ్యాలి. వీటికి ముందు, నడుస్తుండగానే మెమరీ చేర్చే, తీసే మెమరీ హాట్‌ప్లగ్, హాట్‌రిమూవ్ ఉండాలి, లేకపోతే మెనూలో కనపడనే కనపడవు. బిల్డ్ మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద పూర్తయింది.

కొంచెం వెనకటి కథ. జోన్ డివైస్ 2015లో, 4.3 కెర్నల్‌లో వచ్చింది. డాన్ విలియమ్స్ దాన్ని పర్సిస్టెంట్ మెమరీ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) కోసం తెచ్చారు. ఆ మెమరీకి కూడా ‘స్ట్రక్ట్ పేజ్’ (ఒక్కో పేజీ గురించి కెర్నల్ రాసుకునే చిన్న చీటీ) ఉంటే తప్ప డీఎంఏ (సీపీయూ లేకుండా పరికరమే డేటా కదపడం), డైరెక్ట్ ఐఓ (కెర్నల్ క్యాష్ లేకుండా డిస్కుతో మాట్లాడటం) లాంటివి దాని మీద నడవవు. 2017లో 4.14 కెర్నల్‌లో జెరోమ్ గ్లిస్ రాసిన హెచ్ఎంఎం (పరికరాల మెమరీని మామూలు మెమరీతో కలిపి నడిపే ఏర్పాటు) వచ్చింది. అప్పుడు డివైస్ ప్రైవేట్ అనే రకం చేరింది. సీపీయూ ముట్టుకోలేని మెమరీకి కూడా స్ట్రక్ట్ పేజ్ ఉంటుంది! నూవో (ఎన్విడియా కార్డులకి ఓపెన్ సోర్స్ డ్రైవర్), ఏఎండీ కంప్యూట్ డ్రైవర్లు దీన్నే వాడతాయి. 2022లో డివైస్ కోహెరెంట్ అనేది కూడా వచ్చింది గానీ, అది సీపీయూ నేరుగా చదవగల పరికరాల కోసం. నాకు కావలసింది ముట్టుకోలేని రకమే, ఎందుకంటే చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి.

పేజీ నమోదుకి రెండు మెట్లు. ముందు ‘రిక్వెస్ట్ ఫ్రీ మెమ్ రీజియన్’తో ఎవరూ వాడని భౌతిక చిరునామాల ముక్కని అడగాలి. తర్వాత దాన్ని ‘మెమ్‌రీమ్యాప్ పేజెస్’కి ఇవ్వాలి. ఇక్కడ ఒక విషయం చాలామందికి కొరుకుడు పడదు: ఆ చిరునామాలకి నా బార్‌తో ఏ సంబంధమూ లేదు. ప్రాక్ ఐఓమెమ్ (భౌతిక చిరునామాలు ఎవరెవరివో చూపే ఫైలు) తెరిచి చూస్తే నా డ్రైవర్ పేరు భౌతిక చిరునామాల శ్రేణిలో దాదాపు చిట్టచివర కూర్చుని ఉంది. బార్ ఎక్కడో కింద ఉంది. ఆ నంబర్లు కేవలం గుర్తింపు కోసం. పేజీ నంబర్‌లోంచి మొదటి నంబర్ తీసేస్తే బార్‌లో ఎన్నో పేజీయో తెలుస్తుంది, ఆ లెక్క డ్రైవర్‌దే. డివైస్ ప్రైవేట్ అయితే కెర్నల్ ఆ శ్రేణికి లీనియర్ మ్యాపింగ్ (కెర్నల్ ఆ మెమరీని నేరుగా చదివే దారి) కూడా కట్టదు, స్ట్రక్ట్ పేజ్‌లు మాత్రం తయారుచేస్తుంది. చదవడానికి అక్కడ ఏమీ లేనప్పుడు మ్యాపింగ్ దేనికి?

ఈ స్ట్రక్ట్ పేజ్‌లు ఊరికే రావు. 128 ఎంబీ అంటే 4 కేబీ పేజీలు 32,768. ఒక్కో స్ట్రక్ట్ పేజ్ 64 బైట్లు. మొత్తం 2 ఎంబీ, అదీ గెస్ట్ అసలు ర్యామ్‌లోంచి. నా బొమ్మ పరికరానికి పర్వాలేదు. 64 జీబీ ఉన్న కార్డుకైతే ఇదే లెక్కన 1 జీబీ ర్యామ్ ముందే పోతుంది.

రథయాత్ర ముందు రోజు

ఇవాళ్టి పని పేజీని పరికరంలోకి పంపడం.

మూడు పిలుపులు: ‘మైగ్రేట్ వీఎంఏ సెటప్’, ‘మైగ్రేట్ వీఎంఏ పేజెస్’, ‘మైగ్రేట్ వీఎంఏ ఫైనలైజ్’. వీఎంఏ అంటే ప్రాసెస్ చిరునామాల్లో ఒక వరస ముక్క. మొదటిది ప్రాసెస్ పేజ్ టేబుల్ (ఏ చిరునామా ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక) నడిచి పేజీలని పోగుచేస్తుంది, లాక్ చేస్తుంది, ఎల్ఆర్‌యూ జాబితాలోంచి (ర్యామ్ తక్కువైతే ఏ పేజీ తీయాలో చూసే వరస) తప్పిస్తుంది, మ్యాపింగ్ పీకేసి ఆ చోట తాత్కాలిక ఎంట్రీలు పెడుతుంది. తర్వాత డ్రైవర్ వంతు. ప్రతి పేజీకి పరికరంలో ఖాళీ పేజీ ఒకటి తీసి, ‘జోన్ డివైస్ పేజ్ ఇనిట్’తో దాని రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది పట్టుకున్నారన్న లెక్క) ఒకటి చేసి, డేటా కాపీ చెయ్యాలి. ఆఖరి రెండు పిలుపులు పేజీ వివరాలని కొత్తదానికి మార్చి, పేజ్ టేబుల్‌లో స్వాప్ ఎంట్రీ (పేజీ ర్యామ్‌లో లేదు, వేరే చోట ఉందని చెప్పే గుర్తు) లాంటి ప్రత్యేక ఎంట్రీ పెట్టి, లాకులు వదులుతాయి.

గెస్ట్‌లో ఒక చిన్న ప్రోగ్రాం 64 పేజీలు తీసుకుని, ప్రతిదాని మొదట్లో ‘పర్లాకిమిడి’ అని రాసి, డ్రైవర్‌కి ఐఆక్టల్ (ప్రోగ్రాం డ్రైవర్‌ని పని అడిగే సిస్టమ్ కాల్) కొట్టింది. హోస్ట్‌లో బైట్లని అంకెల్లో చూపే ఓడీ కమాండ్‌తో ఫైలు చూశాను. 224 176 170, 224 176 176. పకారం, రకారం. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కదా, వరసగా పడి ఉన్నాయి. సరైన చోటే, సరైన క్రమంలోనే.

రిఫరెన్స్ కౌంట్ గురించి ఒక మాట. 5.18కి ముందు జోన్ డివైస్ పేజీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా దాని కౌంట్ ఒకటే ఉండేది. మిగతా కెర్నల్ అంతా సున్నా అంటే ఖాళీ అనుకుంటుంటే ఇక్కడ మాత్రం ఒకటి అంటే ఖాళీ. ‘పుట్ పేజ్’లో దీని కోసమే ప్రత్యేక దారి ఉండేది. 2022లో ఆ అదనపు కౌంట్ తీసేశారు. పాత డ్రైవర్ కోడ్ చూసి కాపీ కొట్టేవాళ్ళు ముందు అది ఏ కెర్నల్‌దో చూసుకోవడం మంచిది.

ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజ్ (చిన్న పేజీల బదులు 2 ఎంబీ పెద్ద పేజీలు వాడే ఏర్పాటు) ఆన్‌లో ఉంచి 2 ఎంబీ ముక్క పంపితే, 6.12 దాన్ని ముందు చీల్చి 512 చిన్న పేజీలు చేసి పంపింది. కెర్నల్ మెమరీ లెక్కలు చూపే వీఎంస్టాట్‌లో చీలికల లెక్క పెరిగింది కూడా. ఫైలు మ్యాపింగులైతే ఈ దారిలో అసలు వెళ్ళవు, అనామక మెమరీ (ఏ ఫైలుకీ చెందనిది) మాత్రమే.

రథయాత్ర సాయంత్రం

రథం దగ్గర జనం పల్చబడ్డాక పక్కింటి కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. స్క్రీన్ మీద రెండు నంబర్లు చూపించాను. 100 ఎంబీ పరికరంలోకి పంపాక ‘ఫ్రీ’ కమాండ్‌లో ఖాళీ ర్యామ్ దాదాపు అంత పెరిగింది. కానీ ‘పీఎస్’లో ప్రాసెస్ ఆర్ఎస్ఎస్ (అది వాడుతున్న మెమరీ లెక్క) ఒక్క కేబీ కూడా తగ్గలేదు.

“అదేటన్నియ్యా, పేజీలు ఎల్లిపోనాయి కదా? లెక్క మరెందుకు తగ్గనేదు?”

కెర్నల్ దృష్టిలో అవి ఆ ప్రాసెస్ పేజీలే, డివైస్ ప్రైవేట్ ఎంట్రీలని కూడా ఆర్ఎస్ఎస్‌లో కలుపుతుంది, సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకి మెమరీ లెక్క) ఖాతాలో కూడా ఆ బరువు అలాగే ఉంటుంది అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “మా నాన్న సూరత్ మిల్లులో ఉన్నాడు, రేషన్ కార్డులో మాత్రం ఇక్కడే ఉన్నాడు. అలాగేనా?” అన్నాడు. అచ్చం అలాగే. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

లెక్కలో ఉన్నా ఎల్ఆర్‌యూలో మాత్రం ఉండవు. ర్యామ్ తక్కువైనప్పుడు పేజీల్ని ఖాళీ చేసే కేస్వాప్‌డీ వీటి జోలికి రాదు. పరికరం నిండితే ఎవరిని బయటికి పంపాలో డ్రైవరే తేల్చుకోవాలి.

హేరా పంచమి

తిరుగు దారి. అసలు ప్రాజెక్టు ఇదే. పంపడం ఎక్కడికక్కడ సూటిగా ఉంది, వెనక్కి తేవడమే వంకర్లు తిరిగింది.

సీపీయూ పరికరంలో ఉన్న పేజీని ముట్టుకుంటే పేజ్ ఫాల్ట్ (పేజీ ఇక్కడ లేదని కెర్నల్‌ని పిలవడం) వస్తుంది. ‘డూ స్వాప్ పేజ్’ ఆ ఎంట్రీ చూసి, ఇది డిస్కు మీద స్వాప్ కాదు, డివైస్ ప్రైవేట్ అని గుర్తించి, నేను ఇచ్చిన ‘మైగ్రేట్ టు ర్యామ్’ కాల్‌బ్యాక్‌ని పిలుస్తుంది. అందులో మళ్ళీ అవే మూడు పిలుపులు, దిశ మాత్రం తిరగబడుతుంది. ర్యామ్‌లో పేజీ తీసుకుని బార్ నుంచి కాపీ చెయ్యాలి.

ఇక్కడ తప్పక నింపాల్సిన గడి ఒకటుంది: ‘ఫాల్ట్ పేజ్’. ఫాల్ట్ దారిలో కెర్నల్ ఆ పేజీ మీద తనే ఒక రిఫరెన్స్ తీసుకుంటుంది, కాల్‌బ్యాక్ నడుస్తుండగా ఇంకెవరో దాన్ని విడుదల చేసేయకుండా. 6.1కి ముందు ఈ కాపలా లేదు, నిజంగానే రేసు (రెండు పనులు ఒకేసారి తగువుపడటం) ఉండేది. ఇప్పుడు ఆ అదనపు రిఫరెన్స్ కెర్నల్‌దేనని మైగ్రేషన్ కోడ్‌కి తెలియాలి కదా. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ‘ఎవరో ఈ పేజీని పట్టుకున్నారు’ అనుకుని దాన్ని కదల్చనంటుంది. పేజీ రాదు, ప్రాసెస్ మళ్ళీ అదే చోట ఫాల్ట్ అవుతుంది, అలా తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. ఈ మధ్య కెర్నళ్ళలో చాలా ఫాల్టులు వీఎంఏ లాక్ ఒక్కదానితోనే తేలిపోతాయి. ఈ కాల్‌బ్యాక్ మాత్రం 6.12లో ఇంకా దానికి సిద్ధంగా లేదని, వీఎంఏ లాక్ వదిలేసి ప్రాసెస్ చిరునామాలన్నిటికీ కలిపి ఉండే పూర్తి ఎంమ్యాప్ లాక్‌తో ఫాల్ట్‌ని మళ్ళీ నడిపిస్తారు. ట్రేస్ చేస్తే ఒక్కో పేజీకి ఫాల్ట్ రెండుసార్లు కనపడింది, కారణం ఇది.

ముట్టుకోవడం అంటే ప్రోగ్రామే ముట్టుకోనక్కర్లేదు. ఆ బఫర్‌ని ‘రీడ్’ సిస్టమ్ కాల్‌కి ఇచ్చాను. కెర్నల్ అందులోకి కాపీ చేయబోయి తనే ఫాల్ట్ అయి, పేజీని రప్పించుకుని, పని కానిచ్చింది. ప్రోగ్రాంకి ఏమీ తెలియలేదు. ఈ ఏర్పాటంతా ఎందుకు కట్టారో ఇక్కడ అర్థమైంది.

ఫోర్క్ (ప్రాసెస్ తన నకలుని పిల్లగా పుట్టించడం) కూడా చూశాను. పేజీలు పరికరంలో ఉండగా ఫోర్క్ చేస్తే పిల్ల ప్రాసెస్‌కి కూడా అవే ఎంట్రీలు కాపీ అవుతాయి. పిల్ల ముట్టుకోగానే కెర్నల్ రివర్స్ మ్యాప్ (ఒక పేజీ ఎవరెవరి దగ్గర ఉందో చెప్పే లెక్క) ద్వారా తల్లి ఎంట్రీని కూడా తీసి, ఇద్దరికీ ర్యామ్‌లోని కొత్త పేజీని చూపిస్తుంది. పిల్లకి మాత్రమే కాపీ ఇచ్చి తల్లిని పరికరంలోనే వదిలేస్తుందనుకునేవాళ్ళు ఉన్నారు. అలా జరగదు.

మరి వెనక్కి రాలేకపోతే? డ్రైవర్‌లో ఒక మీట పెట్టాను, అది నొక్కితే ర్యామ్ దొరకనట్టు నటిస్తుంది. కాల్‌బ్యాక్ సిగ్‌బస్ (ప్రాసెస్‌ని చంపే సిగ్నల్) కోడ్ తిరిగిస్తుంది, ప్రాసెస్ ‘బస్ ఎర్రర్’ అంటూ పోతుంది. డేటా పరికరంలో నిక్షేపంగా ఉంది, హోస్ట్ నుంచి కనపడుతూనే ఉంది. అయినా ప్రోగ్రాం పోయింది. ఈ ఒక్క కారణానికే, నిజమైన పనికి వాడే డ్రైవర్ అయితే వెనక్కి తేవడానికి సరిపడా ర్యామ్ కొంచెం పక్కన పెట్టుకోవాలని నా అభిప్రాయం.

వాన. కరెంటు లేదు, సాయంత్రం వచ్చింది

వెళ్ళని పేజీల సంగతి ఇవాళ. 64 పేజీల బఫర్‌లో మధ్యలోని 16ని డిస్కు పనులు అడిగే ఐఓ యూరింగ్‌లో రిజిస్టర్ చేశాను, అంటే అవి పిన్ అయ్యాయి, కదల్చకూడదు. మైగ్రేట్ కొడితే 48 వెళ్ళాయి, 16 ర్యామ్‌లోనే ఉండిపోయాయి. ఎక్కడా ఎర్రర్ రాలేదు. సెటప్ సున్నా తిరిగించింది. ఆ 16 ఎంట్రీల్లో ‘మైగ్రేట్’ బిట్ మాత్రం లేదు. డ్రైవర్ ప్రతి ఎంట్రీనీ విడివిడిగా చూడాలి, ఫైనలైజ్‌కి ముందు మరోసారి చూడాలి. మొత్తానికి సఫలమా విఫలమా అని అడిగితే ఈ ఏపీఐ దగ్గర సమాధానం లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. ప్రోగ్రాం మెమరీ అడిగి ఇంకా ముట్టుకోని చోట సెటప్ ఇచ్చే ఎంట్రీలో మైగ్రేట్ బిట్ ఉంటుంది, పేజీ ఉండదు. కాపీ చెయ్యడానికి ఏమీ లేదు, కాబట్టి డ్రైవర్ కొత్త పరికర పేజీని సున్నాలతో నింపాలి. పేజీ విడుదలైనప్పుడు వచ్చే ‘పేజ్ ఫ్రీ’ కాల్‌బ్యాక్ దాన్ని ఖాళీ జాబితాలో పెడుతుంది అంతే, అందులోని అక్షరాలు అలాగే ఉంటాయి. పరీక్షకి సున్నాలు నింపే లైను ఆపి, మొదటి ప్రోగ్రాం చనిపోయాక రెండో ప్రోగ్రాం నడిపాను. రెండోదానికి తన కొత్త మెమరీలో ‘పర్లాకిమిడి’ కనపడింది. ఊరి పేరు కాబట్టి సరిపోయింది, అదే పాస్‌వర్డ్ అయితే?

వేగం కొలవలేదు. ఐవీషెమ్ మెమరీ నిజానికి హోస్ట్ ర్యామ్, అక్కడ వచ్చే మైక్రోసెకన్లు ఏ కార్డు గురించీ ఏమీ చెప్పవు.

బాహుడా (రథాలు తిరిగొచ్చే రోజు)

మాడ్యూల్ (నడుస్తున్న కెర్నల్‌లోకి ఎక్కించే డ్రైవర్ ముక్క) తీసేయడం. ఇది ఆఖరికి పెట్టుకోవడానికి కారణం ఉంది.

మామూలు డ్రైవర్‌లో ఫైల్ డిస్క్రిప్టర్ (ప్రోగ్రాం తెరిచిన ఫైలుకి గుర్తు) తెరిచి ఉన్నంతసేపు మాడ్యూల్ కౌంట్ ఉంటుంది, ఆర్ఎంమాడ్ (మాడ్యూల్ తీసేసే కమాండ్) కుదరదు. అందరూ మూసేస్తే తీసేయొచ్చు. ఇక్కడ ఆ లెక్క సరిపోదు. ప్రోగ్రాం ఐఆక్టల్ కొట్టి, డిస్క్రిప్టర్ మూసేసి, నిద్రపోయింది. మాడ్యూల్ కౌంట్ సున్నా. కానీ దాని అనామక మెమరీ 64 పేజీలు నా పరికరంలోనే ఉన్నాయి. ఫైలు ఆయుష్షు వేరు, పేజీ ఆయుష్షు వేరు.

ఆర్ఎంమాడ్ కొట్టాను. ‘మెమ్అన్‌మ్యాప్ పేజెస్’ పేజీల మీదున్న రిఫరెన్సులన్నీ పోయేదాకా ఎదురుచూస్తుంది. 120 సెకన్లు దాటాక ‘టాస్క్ బ్లాక్డ్’ హెచ్చరిక వచ్చింది. ఆర్ఎంమాడ్‌కి సిగ్నల్ పంపినా లాభం లేదు, అది లేవదు. నిద్రపోతున్న ప్రోగ్రాంని చంపగానే ఆర్ఎంమాడ్ టక్కున పూర్తయింది. అంటే మెమరీ పాడవలేదు, కెర్నల్ కూలలేదు. వేలాడింది, అంతే. అయినా కార్డు తీసేయాలంటే ఎవరి ప్రోగ్రాంనో చంపాలనడం భావ్యం కాదు.

6.1 నుంచి దీనికి దారి ఉంది: ‘మైగ్రేట్ డివైస్ రేంజ్’. దీనికి ప్రాసెస్ అక్కర్లేదు, వీఎంఏ అక్కర్లేదు. పరికరం పేజీ నంబర్ల శ్రేణి ఇస్తే చాలు. వాడకంలో ఉన్న ప్రతి పేజీనీ పట్టుకుని, రివర్స్ మ్యాప్‌తో ఎవరెవరి పేజ్ టేబుల్‌లో ఉందో వెతికి మ్యాపింగ్ తీస్తుంది. నా డ్రైవర్‌కి ఏ పేజీ ఎవరిదో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

కోడ్‌లో వరస ముఖ్యం. ముందు ‘ఇక కొత్త పేజీలు ఇవ్వను’ అనే జెండా ఎత్తాలి, లేకపోతే నేను ముందు నుంచి ఖాళీ చేస్తుంటే వెనక నుంచి నిండుతుంది. తర్వాత శ్రేణి మొత్తానికి రెండు అర్రేలు, ఎక్కడ నుంచి, ఎక్కడికి అని. 32,768 ఎంట్రీలు, ఎంట్రీకి 8 బైట్లు, ఒక్కోటి 256 కేబీ. వరస భౌతిక పేజీలుగా అంత దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి ముక్కలు ముక్కలుగానైనా ఇచ్చే ‘కేవీకాలాక్’. పేజీ లాక్ దొరికితేనే పట్టుకుని, లేకపోతే వదిలేసే ట్రైలాక్‌గానే జరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరి ఫాల్ట్‌లోనో ఉన్న పేజీ తప్పిపోతుంది. అందుకని వాడకంలో ఉన్న పేజీల లెక్క సున్నా అయ్యేదాకా లూప్.

ర్యామ్ కేటాయింపుకి ‘నోఫెయిల్’ (దొరికేదాకా ఆగు, విఫలం కావద్దు) పెట్టాను. టెస్ట్ హెచ్ఎంఎం కూడా అదే చేస్తుంది. నాకు నచ్చి పెట్టింది కాదు. ఫాల్ట్ దారిలో అయితే సిగ్‌బస్ అని చెప్పుకోవడానికి ఒక చోటుంది, ఇక్కడ విఫలమైతే చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ర్యామ్ నిజంగా లేకపోతే ఓఓఎం కిల్లర్ (ర్యామ్ అయిపోతే ఏదో ప్రోగ్రాంని చంపే కెర్నల్ భాగం) ఎవరినో తీసుకుపోతుంది. 128 ఎంబీ పరికరానికి, 1 జీబీ గెస్ట్‌కి అది రాలేదు. నిష్పత్తి తిరగబడితే వస్తుంది.

నిద్రపోతున్న ప్రోగ్రాం, మూసేసిన డిస్క్రిప్టర్, ఆర్ఎంమాడ్. ఈసారి వెంటనే తిరిగొచ్చింది. ప్రోగ్రాంని లేపితే 64 పేజీల్లోనూ ‘పర్లాకిమిడి’ చదివి అప్పజెప్పింది. అప్పటికి డ్రైవరే లేదు. కుర్రాడు మళ్ళీ నడపమన్నాడు, ఈసారి పిల్ల ప్రాసెస్‌తో సహా. అదీ సరిగ్గానే వచ్చింది.

తర్వాత

రెండో ఐవీషెమ్ తగిలిస్తున్నాను. మైగ్రేట్ వీఎంఏలో ‘పీజీమ్యాప్ ఓనర్’ అని ఒక గడి ఉంది. వెనక్కి తెచ్చేటప్పుడు ఆ ఓనర్ పేజీలనే ఏరుతుంది, పక్క పరికరం పేజీల్ని ముట్టుకోదు. మొదటి పరికరంలో ఉన్న పేజీని రెండోది అడిగితే నేరుగా ఇవ్వాలా, ర్యామ్ మీదుగా తిప్పాలా అన్నది డ్రైవర్ ఇష్టం. ముందు ర్యామ్ మీదుగానే తిప్పుతాను. రెండు పరికరాలకీ ఒకే ఓనర్ గుర్తు ఇస్తే నేరుగా కాపీ చెయ్యొచ్చు గానీ, అప్పుడు రెండు ఖాళీ జాబితాల లాకుల్ని ఒకే వరసలో పట్టుకోవాలి. ఆ వరస కాగితం మీద తేలాకే కోడ్ ముట్టుకుంటాను.